ఈగకి రొయ్య ఏమవుతుంది?

శ్రోతలకు నమస్కారం. చేపల మార్కెట్‌కి వెళ్లారనుకోండి. బుట్టలో రొయ్యలు, వాటి మీద ఈగలు, పక్కన తడి గోడ పగుల్లోంచి ఒక జెర్రి పాక్కుంటూ పోయింది. ఈ మూడింట్లో ఏ రెండు దగ్గరి చుట్టాలు అంటే చాలామంది ఈగా జెర్రీ అనే చెబుతారు. తప్పేం లేదు, జంతుశాస్త్రం కూడా చాలాకాలం అదే చెప్పింది, ఎందుకంటే ఆ రెండింటికీ ఒకే జత మీసాలు, గాలి పీల్చుకోవడానికి ఒళ్లంతా సన్నటి గొట్టాలు, రొయ్యకేమో రెండు జతల మీసాలు, పైగా మొప్పలు.

కానీ ఈగకి అసలు చుట్టం రొయ్యే. దీనికి మంచి సాక్ష్యం ఒకటి మైటోకాండ్రియాలో దొరికింది.

మైటోకాండ్రియా అంటే కణానికి శక్తి తయారుచేసి పెట్టేది, స్కూల్లో చదివే ఉంటారు. దానికి సొంత డీఎన్‌ఏ ఉంటుంది. పురుగుల్లో అది సుమారు 16 వేల అక్షరాలుండే చిన్న వలయం, గాజులాగా, దాని మీద 37 జన్యువులు. దాదాపు ఎప్పుడూ తల్లి నుంచే వస్తుంది, కాబట్టి అది చెప్పే చుట్టరికం అమ్మమ్మ వైపుది. ఒక్కో కణంలో దీనికి బోలెడు కాపీలుంటాయి, అందుకే మ్యూజియంలో గుండుసూది గుచ్చి దాచిన పాత పురుగు నుంచి కూడా చాలాసార్లు దీన్ని రాబట్టగలుగుతున్నారు. పురుగుల్లో మొదటిసారి పూర్తిగా చదివింది ఒక పండ్ల ఈగది, 1985లో: 16,019 అక్షరాలు.

సరే, రొయ్య సంగతికి వద్దాం. ఈ 37 జన్యువులూ పంక్తి భోజనానికి కూర్చున్నట్టు ఒక వరుసలో ఉంటాయి. వాటిలో రెండు చిన్నవి లూసీన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసే పనికి సంబంధించినవి. జెర్రుల వైపు, గుర్రపు డెక్క పీతలోనూ (పేరుకే పీత, అది సాలీళ్ల చుట్టం) ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఈగల్లో, రొయ్యల్లో మాత్రం వాటిలో ఒకటి లేచి వెళ్లి సీఓ1, సీఓ2 అనే రెండు జన్యువుల మధ్య కూర్చుంది. 1998లో జెఫ్రీ బూర్, ఆయన సహచరులు నేచర్ పత్రికలో చూపించింది ఇదే. డీఎన్‌ఏలో ఉన్నవి నాలుగే అక్షరాలు, ఒక అక్షరం మారడం రెండు వంశాల్లో యాదృచ్ఛికంగానూ జరగొచ్చు, కానీ ఇంత పంక్తిలో అదే మనిషి లేచి అదే సందులో కూర్చోవడం విడివిడిగా రెండుసార్లు జరిగిందంటే నమ్మబుద్ధి కాదు.

అలాగని ఈ గాజు చెప్పిందల్లా వేదం కాదు. 2003లో ఇటలీ పరిశోధకులు మైటోకాండ్రియా లెక్కలు వేసి, తడి మట్టిలో ఎగిరి గెంతే స్ప్రింగ్‌టెయిల్స్ అసలు మిగతా ఆరుకాళ్ల జీవుల కుటుంబమే కాదన్నారు. పెద్ద గొడవే అయింది. చిక్కెక్కడంటే పురుగుల మైటోకాండ్రియాలో ఏ, టీ అనే రెండు అక్షరాలే విపరీతంగా ఉంటాయి (తేనెటీగలో దాదాపు 85 శాతం), అలాంటప్పుడు ఏ సంబంధం లేనివాళ్లు కూడా ఒకే పోలికతో కనిపిస్తారు. తర్వాత, 2014లో, కేంద్రకంలోని 1,478 జన్యువులతో చేసిన పెద్ద అధ్యయనం వాటిని మళ్లీ కుటుంబంలోకి తెచ్చింది. అదే చెదల విషయంలో అయితే పేచీ లేదు. చెదలు చీమలు కావు, బొద్దింకల్లోనే ఒక శాఖ అని మైటోకాండ్రియా, కేంద్రకం రెండూ ఒకే మాట చెబుతున్నాయి.

నాకు మాత్రం అన్నిటికంటే పేను కథ ఇష్టం. మనిషి ఒంటి పేనులో ఈ గాజు ముక్కలైపోయి ఉందని 2009లో తేలింది, ఒక పెద్ద వలయం బదులు 18 చిన్న చిన్న వలయాలు, ఒక్కోదాని మీద ఒకటి నుంచి మూడు జన్యువులు. అంత ముక్కలైనా అది ఎలా బతుకుతోందో అనిపిస్తుంది, కానీ బతుకుతోంది, మన నెత్తురు తాగి మరీ. ఆ తర్వాత ఏనుగు పేనుని చూస్తే అక్కడా గాజు పగిలే ఉంది! పక్షుల మీదుండే కొన్ని పేలలో అది చెక్కుచెదరలేదు. అంటే ఏనుగు మీద పేనూ మన ఒంటి మీద పేనూ దగ్గరి చుట్టాలన్నమాట, ఆ సంగతికి ఆ పగుళ్లూ ఒక సాక్ష్యమే.