మడతకత్తిలో బ్లేడు ఊగితే ఏ దిశలో ఊగుతోందో ముందు చూడాలి

నమస్కారం. ఈ వీడియోలో రెండు మడతకత్తులను పక్కపక్కనే పెట్టి వాటి పనితనాన్ని పరీక్షిద్దాం. రెండూ లైనర్ లాక్ (తెరిచిన బ్లేడు మూసుకోకుండా పిడి లోపలి పలుచని లోహపు పట్టీ అడ్డుపడే ఏర్పాటు) ఉన్నవే, రెండింటి బ్లేడు పొడవూ దాదాపు 80 మిల్లీమీటర్లే. తెరిచి బ్లేడును ఇరుపక్కలకూ నొక్కితే రెండూ కదలకుండా గట్టిగా నిలబడుతున్నాయి. చాలామంది పరీక్షను ఇక్కడితోనే ముగించి, ప్లే, అంటే వదులు కదలిక, లేదు కనుక కత్తి మంచిదని తేల్చేస్తారు. ఆ తీర్పును నేను ఒప్పుకోను, ఎందుకంటే పివట్ (బ్లేడు తిరిగే ఇరుసు) స్క్రూను గట్టిగా బిగిస్తే ఎంత నాసిరకపు కత్తిలోనైనా పక్క ఊగు మాయమవుతుంది. బ్లేడు ధారాళంగా తిరుగుతూనే, తెరిచిన తరువాత కదలకుండా నిలవాలి. ఈ రెండు గుణాలూ ఒకే బిగింపులో దొరికితేనే ఆ కత్తిని శ్రద్ధగా తయారు చేశారని చెప్పవచ్చు.

పరీక్షకు ముందు బ్లేడు పదునంచుకు మందమైన టేపు అంటించండి, వేళ్లను బ్లేడు మూసుకునే దారిలో ఉంచకండి. పిడిని పివట్‌కు దగ్గరగా ఒక చేత్తో పట్టుకుని, మరో చేతి బొటనవేలు, చూపుడువేలితో బ్లేడు చదునైన పక్కలను మధ్యభాగంలో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ నొక్కండి. ఇక్కడ ప్లేనూ వంపునూ వేరుగా గుర్తించడం చాలా అవసరం. పలుచని బ్లేడు గానీ, లోపల లైనర్లు (పలుచని లోహపు పలకలు) లేని ప్లాస్టిక్ పిడి గానీ బలం పెంచుతున్నకొద్దీ క్రమంగా వంగుతుంది, వదలగానే యథాస్థితికి వస్తుంది; అది లోపం కాదు. నిజమైన ప్లేలో మొదట ఏ ప్రతిఘటనా లేని చిన్న ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీ ముగిసిన చోట బ్లేడు టక్కున ఆగుతుంది. ఆ ఆగడం చెవికి వినిపించకపోయినా వేలికి స్పష్టంగా తెలుస్తుంది.

మొనను పట్టుకుని ఊపి చూసేవారు ఒక లెక్కను గమనించాలి. వాషర్ (ఇరుసు చుట్టూ బ్లేడుకూ పిడికీ మధ్య ఉండే పలుచని బిళ్ల) వ్యాసం 10 మిల్లీమీటర్లు ఉండి, దాని దగ్గర ఖాళీ కేవలం 0.05 మిల్లీమీటర్లు ఉన్నా, 80 మిల్లీమీటర్ల దూరంలోని మొన దగ్గర అది దాదాపు 0.4 మిల్లీమీటర్ల కదలికగా కనిపిస్తుంది. అందువల్ల రెండు కత్తులను పోల్చేటప్పుడు పివట్ నుండి సమాన దూరంలోనే నొక్కాలి. లేకపోతే పొడవైన బ్లేడుకు అన్యాయం జరుగుతుంది.

పక్క ఊగుకు కారణాలు దాదాపు ఎప్పుడూ పివట్ చుట్టూనే ఉంటాయి: వదులైన స్క్రూ, అరిగిన వాషర్, రంధ్రానికి సరిపోని ఇరుసు, లేదా ఒకదానికొకటి సమాంతరంగా లేని పిడి పలకలు. ఫాస్ఫర్ బ్రాంజ్ వాషర్లు వాడేకొద్దీ నునుపెక్కుతాయి. టెఫ్లాన్ వాషర్లు మెత్తనివి కనుక ఎక్కువ బిగిస్తే అణిగిపోతాయి. బాల్ బేరింగులతో బ్లేడు తేలికగా తిరుగుతుంది, కానీ ఆ బంతులు టైటానియం పలక మీదనే నేరుగా దొర్లితే కాలక్రమంలో గాడి పడి బిగువు తగ్గవచ్చు; అందుకే జాగ్రత్తగల తయారీదారులు వాటి కింద గట్టిపరచిన ఉక్కు వలయాన్ని అమరుస్తారు. స్క్రూను సరిచేసేటప్పుడు ఒక్కసారి కొద్దిగా మాత్రమే తిప్పి, మళ్లీ పరీక్షించండి. సరైన బిగువు దొరికాక స్క్రూ మరల మీద మధ్యస్థ బలం గల నీలిరంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు) చిన్న చుక్క చాలు. అది వాషర్ల మీదికి పారితే బ్లేడు పట్టేస్తుంది.

అయితే నిలువు ఊగు, అంటే బ్లేడు వెన్ను నుండి పదునంచు దిశగా ఉండే కదలిక, వేరే విషయం. అది ప్రధానంగా లాక్‌కు సంబంధించినది, పివట్ బిగిస్తే నయం కాదు. లైనర్ లాక్‌లోనూ, పిడి పలకలోని భాగమే లాక్ పట్టీగా పనిచేసే ఫ్రేమ్ లాక్‌లోనూ తెరిచిన బ్లేడు ఒక వైపు స్టాప్ పిన్‌కూ (తెరుచుకునే బ్లేడును ఆపే చిన్న కడ్డీ) మరో వైపు లాక్ కొసకూ మధ్య బిగుసుకుని ఉండాలి. అరుగుదల వచ్చినప్పుడు లాక్ కాస్త ముందుకు జరిగి ఆ ఖాళీని నింపుతుంది. కాబట్టి కొత్త కత్తిలోనే నిలువు ఊగు కనిపిస్తే లాక్ కొస కోణం తప్పి ఉండవచ్చు, లేదా స్టాప్ పిన్ వదులుగా ఉండవచ్చు. ఫ్రేమ్ లాక్‌ను పరీక్షించేటప్పుడు లాక్ పట్టీ మీద వేళ్లు పడకుండా పిడిని పట్టుకోండి, ఎందుకంటే పిడికిలి బిగువే లాక్‌ను లోపలికి నెట్టి లోపాన్ని కప్పేస్తుంది. వెన్నును బల్లకేసి కొట్టి చూడవలసిన అవసరం లేదు. చేతి ఒత్తిడి చాలు, దెబ్బలు మంచి లాక్‌ను కూడా పాడు చేస్తాయి.

అన్ని లాక్‌లకూ ఒకే కొలమానం పెట్టకూడదు. 1960లలో బక్ 110 కత్తి ద్వారా బాగా ప్రచారం పొందిన బ్యాక్ లాక్‌లో, మధ్యలో పిన్ మీద ఊగే కడ్డీ ఒకటి బ్లేడు మొదట్లోని గాడిలో పడుతుంది. ఆ అమరికలో రవ్వంత నిలువు కదలిక మంచి కత్తులలో కూడా కనిపిస్తుంది, దాన్ని నేను క్షమిస్తాను. ఒపినెల్ వంటి చెక్కపిడి కత్తిలో తేమకు చెక్క ఉబ్బి బ్లేడు బిగుసుకుంటుంది, ఆరాక మళ్లీ వదులవుతుంది. అది ఆ పదార్థపు స్వభావమే.

మూసిన బ్లేడు పిడికి సరిగ్గా నడుమ ఉందా అన్నదానికి ఇప్పుడు అనవసరమైన ప్రాధాన్యం ఇస్తున్నారు. బ్లేడు ఒక పలకను రాసుకోనంతవరకు అది నాకు రెండో వరుస విషయమే. దానికన్నా, మూసిన కత్తిని ఊపితే బ్లేడు బయటికి జారుతోందా, లాక్ విడిపించేటప్పుడు అంటుకుంటోందా అన్నవి ముందు చూస్తాను.

ఇప్పుడు రెండు కత్తులకూ స్క్రూ వదులు చేద్దాం. మొదటి కత్తిలో బ్లేడు తేలికగా తిరిగేంత వదులు చేయగానే పక్క ఊగు స్పష్టంగా వచ్చింది. ఆ ఊగు పోయేదాకా బిగిస్తే బ్లేడు మొరాయిస్తోంది, నడుమ ఎక్కడా నికరమైన స్థానం దొరకడం లేదు. రెండో కత్తిలో స్క్రూను గమనించదగినంత తిప్పినా బ్లేడు ధారాళంగానే తిరుగుతోంది, తెరిచాక కదలడం లేదు. వాషర్లు చదునుగా, ఇరుసు రంధ్రానికి సరిగ్గా సరిపడేలా ఉన్నాయని దీనివల్ల తెలుస్తోంది. మొదటి కత్తిని ఇంట్లో స్క్రూతో సరిచేయలేము కనుక, వారంటీ ఉండగానే తయారీదారుకు తిప్పి పంపమని నా సలహా.