బ్రష్‌లు మార్చే ముందు కమ్యుటేటర్‌ని ఒకసారి చదవండి

[తెర మీద: సీటు తీసేసిన బ్యాటరీ బగ్గీ, మోటార్ దగ్గరగా]

నమస్కారం. ఆసుపత్రి ఆవరణల్లో, రైల్వే స్టేషన్లలో తిరిగే బ్యాటరీ బగ్గీలు చూసే ఉంటారు. వాటిలో పాత మోడళ్లు చాలావరకు బ్రష్ ఉన్న డీసీ మోటార్‌తో నడిచేవి. బ్రష్ అంటే మోటార్‌లో తిరిగే భాగానికి, అంటే ఆర్మేచర్‌కి, కరెంటు అందించే కార్బన్ ముక్క. అది రాసుకుంటూ ఉండే రాగి పట్టీల గుండ్రటి భాగమే కమ్యుటేటర్. 2001లో బెంగళూరు నుంచి వచ్చిన తొలి రేవా కారుదీ డీసీ మోటారే. ఇప్పటి ఎలక్ట్రిక్ స్కూటర్లలో బ్రష్‌లే ఉండవు. మీది అలాంటి బండి అయితే మొహమాటపడకుండా వేరే వీడియో చూసుకోండి.

ఇక గుర్తులు. బండి ఎత్తు ఎక్కేటప్పుడు కుదుపులు, కాలిన వాసన, మోటార్ చివర జాలీలోంచి రవ్వలు. మెకానిక్ చూడగానే "బ్రష్‌లు పోయాయి సార్, మార్చేద్దాం" అంటాడు. మారుస్తాడు కూడా. కానీ అవి ఎందుకు అరిగాయో తేలకపోతే కొత్త సెట్ కూడా అలాగే పోతుంది.

బ్యాటరీ కేబుల్ తీసేయండి. కంట్రోలర్ అంటే మోటార్‌కి వెళ్లే కరెంటుని అదుపు చేసే పెట్టె; దాని కెపాసిటర్లలో ఛార్జ్ మిగిలి ఉంటుంది, అది దిగిపోయిందని మీటర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి. ముక్కుకి మాస్క్ కట్టుకోండి, లోపలంతా కార్బన్ పొడి.

[తెర మీద: కమ్యుటేటర్, టార్చ్ వెలుగులో]

రాగి పట్టీలన్నీ ఒకే రకం చాక్లెట్ రంగులో ఉంటే అది ఆరోగ్యం. మురికి అనుకుని మెరిసేలా తోమేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. బ్రష్ సాఫీగా జారేది ఆ పొర మీదే.

చుట్టూ గీతలు పడితే దుమ్ము, ఆయిల్, లేదా ఈ మోటార్‌కి సరిపడని గ్రేడ్ బ్రష్ అని అనుమానించాలి. పట్టీల అంచులన్నీ నల్లబడితే స్ప్రింగ్ బలం తగ్గిందేమో, బ్రష్ హోల్డర్‌లో ఇరుక్కుందేమో చూడండి. బ్రష్ వేలితో కదిపితే సులువుగా కదలాలి. దాని తీగ రంగు మారి పెళుసుగా ఉంటే బాగా వేడెక్కిందన్నమాట.

పక్కపక్కన ఉన్న ఒకటి రెండు పట్టీలే మాడాయా? ఆర్మేచర్ వైండింగ్ తెగి ఉండొచ్చు, లేదా సోల్డర్ కరిగి ఉండొచ్చు. అప్పుడు బ్రష్‌ల మీద డబ్బు పెట్టడం దండగ, నేరుగా వైండింగ్ షాపుకే తీసుకెళ్లాలి.

బ్రష్‌లు ఎక్కడ నిలిచాయో సరిగ్గా అక్కడే మాడిన మచ్చలుంటే మాత్రం తప్పు డ్రైవర్‌దే. ర్యాంప్ మీద బ్రేక్ తొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని ఆపి ఉంచుతారు. మోటార్ తిరగదు, కరెంటంతా అవే పట్టీల మీద పడుతుంది. ఈ అలవాటు మాన్పించకుండా ఎన్ని రిపేర్లు చేసినా లాభం లేదు.

మోటార్ కేబుళ్లు విప్పి కమ్యుటేటర్‌కీ షాఫ్ట్‌కీ మధ్య మెగ్గర్, అంటే ఇన్సులేషన్ కొలిచే మీటర్, పెట్టండి. ఒక మెగాఓమ్ కూడా రాకపోతే ముందు పొడి గాలితో కార్బన్ ఊదేసి మళ్లీ కొలవండి. చాలాసార్లు దోషి ఆ పొడే.

[తెర మీద: లేత్ మీద ఆర్మేచర్]

గోరుకి మెట్లు తగులుతుంటే లేత్ మీద కోయించాలి. కోశాక పట్టీల మధ్య ఉండే మైకాని (కరెంటు పారని అభ్రకం పొరని) రాగి కంటే దాదాపు మిల్లీమీటర్ లోతుకి చెక్కాలి. ఇది చేయకుండా ఇచ్చేసే షాపులున్నాయి, అక్కడే నిలబడి అడగండి. మైకా పైకి లేచి ఉంటే బ్రష్ ఎగిరెగిరి పడుతుంది, మళ్లీ రవ్వలు మొదలు.

బ్రష్‌లు సెట్ మొత్తం ఒకేసారి మార్చండి. శాండ్ పేపర్ గరుకువైపు బ్రష్‌కి తగిలేలా కమ్యుటేటర్‌కి చుట్టి, బ్రష్ ముఖం ఆ గుండ్రానికి కుదిరేదాకా తిప్పండి. ఎమరీ వద్దు, దాని రేణువులు రాగిలో దిగబడతాయి.

టెస్టింగ్‌కి ఫుల్ వోల్టేజ్ ఇవ్వకండి. సిరీస్ మోటార్ (ఫీల్డ్ వైండింగ్, ఆర్మేచర్ ఒకే వరుసలో కలిపి ఉండేది) లోడ్ లేకుండా తిరిగితే వేగం అదుపు తప్పి ఆర్మేచరే పగలొచ్చు. మోటార్‌ని గట్టిగా బిగించి, 12 వోల్టుల బ్యాటరీ ఒక్కటే కలిపి కాసేపు తిప్పండి. రవ్వలు కనిపిస్తే ఆపి, స్ప్రింగ్‌ల దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.