చేతులకు పని, మనసుకు తోడు

అందరికీ నమస్కారం.

పొలం పనీ ఆటపాటలూ మనిషికి ఎలా ఊరటనిస్తాయో మాట్లాడమన్నారు. మామూలుగా ఈ రెండింటినీ మనం ఒక గాటన కట్టం. పొలం అంటే కష్టం, ఆట అంటే కాలక్షేపం అని విడదీసేస్తాం. నా దృష్టిలో మాత్రం రెండూ ఒకే మేలు చేస్తాయి. చేతులకు పని ఇస్తాయి, పక్కన ఒక తోడును పెడతాయి, ఆ తర్వాత మాట కోసం తొందరపెట్టవు.

మనసు బాగోలేని మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి "ఏమైందో చెప్పు" అంటే నోరు పెగలదు. ఎంత ప్రేమగా అడిగినా అది విచారణలాగే ఉంటుంది. అదే మనిషి పక్కన చేరి కలుపు తీస్తూనో, గింజలు ఏరుతూనో, పావులు కదుపుతూనో ఉంటే కాసేపటికి మాట దానంతట అదే వస్తుంది. చూపు చేతుల మీద ఉంటుంది కాబట్టి మొహం దాచుకోవలసిన అవసరం రాదు. మధ్యలో మాట ఆగినా ఇబ్బంది లేదు, పని సాగుతూనే ఉంటుంది. ఆస్ట్రేలియాలో 1990లలో 'మెన్స్ షెడ్' అనే ఉద్యమం మొదలైంది. వయసు మళ్లిన మగవాళ్లు ఒక షెడ్డులో చేరి చెక్క పనులూ మరమ్మతులూ చేసుకుంటారు. మగవాళ్లు ఎదురెదురుగా మాట్లాడుకోరు, భుజం పక్కన భుజం పెట్టి మాట్లాడుకుంటారని వాళ్లలో బాగా నలిగిన మాట ఒకటుంది. ఒక్క మగవాళ్లకే ఎందుకు, నేను చూసినంతలో అది అందరికీ వర్తిస్తుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. మనసు చెదిరినవాళ్లను గొలుసులతో కట్టి పెట్టే కాలంలో, 1796లో, ఇంగ్లండులోని యార్క్‌లో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందిన విలియం ట్యూక్ ఒక ఆశ్రయం తెరిచాడు. అక్కడ గొలుసులు లేవు. తోట పని ఉండేది, పెరట్లో కుందేళ్లూ కోళ్లూ తిరుగుతుండేవి. వాటితో మసలుకుంటుంటే రోగుల్లో తోటివాళ్ల పట్ల దయ, కలుపుగోలుతనం మేలుకుంటున్నాయని ఆయన మనవడు శామ్యూల్ ట్యూక్ 1813లో రాశాడు.

అంతకంటే పాతది బెల్జియంలోని గేల్ అనే ఊరు. మానసిక వ్యాధి ఉన్నవాళ్లను అక్కడి కుటుంబాలు కొన్ని వందల ఏళ్లుగా తమ ఇళ్లలో ఉంచుకుంటున్నాయి. ఆ ఊళ్లో వాళ్లను రోగులు అనరు, ఇంట్లో ఉండి భోంచేసే అతిథులు అంటారు. పూర్వం వాళ్లలో చాలామంది ఇంటివాళ్లతోపాటు పొలానికి వెళ్లేవారు. 1930ల చివర్లో అలాంటివాళ్లు ఆ ఊళ్లో 3,000 మందికి పైగా ఉండేవారు. వైద్యం మారింది, పొలాలు తగ్గాయి, ఇప్పుడు ఆ సంఖ్య బాగా పడిపోయింది. ఆ పద్ధతి మాత్రం పోలేదు.

నెదర్లాండ్స్‌లో ఇప్పుడు ఇలాంటి సంరక్షణ పొలాలు వెయ్యికి పైనే ఉన్నాయి. మతిమరుపు వ్యాధి వచ్చిన పెద్దవాళ్లు, మానసిక ఎదుగుదల తక్కువైన పిల్లలు, పని ఒత్తిడితో కుంగిపోయినవాళ్లు పగలంతా అక్కడ గడుపుతారు. మేత వేస్తారు, గుడ్లు ఏరతారు, మొక్కలకు నీళ్లు పోస్తారు. మతిమరుపు ఉన్నవాళ్ల మీద అక్కడ జరిగిన పరిశోధనల్లో, మామూలు డే కేర్ కేంద్రాలకు వెళ్లేవాళ్ల కంటే పొలానికి వెళ్లేవాళ్లు ఎక్కువగా కదులుతున్నారనీ, తిండీ నీళ్లూ కూడా ఎక్కువ తీసుకుంటున్నారనీ తేలింది. పెద్దవాళ్లను చూసుకున్న ఎవరినైనా అడగండి, ఇంకో రెండు ముద్దలు తినిపించడం ఎంత పెద్ద విజయమో చెబుతారు.

ఎందుకిలా జరుగుతుంది? గాలీ వెలుతురూ మంచివే, కాదనను. తొలి చినుకులకు మట్టి నుంచి లేచే వాసనకు మూలమైన జియోస్మిన్‌ను మన ముక్కు అతి సూక్ష్మమైన మోతాదులో కూడా పసిగడుతుంది. అయితే అసలు కారణం ఇంకొకటి అనుకుంటాను. జబ్బు చేసిన మనిషి చుట్టూ అందరూ తనను చూసుకునేవాళ్లే. మందులు ఇచ్చేవాళ్లు, దుప్పటి సర్దేవాళ్లు, "జాగ్రత్త, జాగ్రత్త" అనేవాళ్లు. తను చూసుకోవలసింది మాత్రం ఏదీ మిగలదు. రోజంతా పుచ్చుకునే చెయ్యే, ఇచ్చే చెయ్యి ఉండదు. పొలంలోని కోడికి జబ్బు మనిషి, మామూలు మనిషి అనే తేడా తెలియదు. సాయంత్రం ఎవరో ఒకరు గూడు తలుపు వెయ్యకపోతే రాత్రికి దాని ప్రాణం మీదికి వస్తుంది. ఆ తలుపు వేసే పని తనదైన రోజు మనిషి నడకలోనే మార్పు కనిపిస్తుంది.

ఒక చిన్న సంగతి చెబుతాను. కొందరు పెద్దవాళ్లూ కొందరు పిల్లలూ కలిసి పని చేసే ఒక పొలంలో చూశాను. పన్నెండు, పదమూడేళ్ల కుర్రాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు, జేబులో ఫోన్ లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉంటాడు. అతనికి ఒక లేగదూడకు బకెట్టులో పాలు తాగడం అలవాటు చేసే పని ఇచ్చారు. లేగదూడ పుట్టుకతోనే తల పైకెత్తి పొదుగు వెతుక్కుంటుంది, కిందికి వంచి తాగడం దానికి రాదు. అందుకని వేళ్లు పాలలో ముంచి నోటికి అందించాలి. అది చప్పరించడం మొదలుపెట్టాక చేతిని మెల్లగా బకెట్టులోకి దించాలి. అది వేళ్ల వెంటే మూతి దించి పాలు తాగుతుంది. కుర్రాడు మొదట భయపడ్డాడు. గరుకు నాలుక తగలగానే చెయ్యి లాగేసుకున్నాడు. పక్కనే చిన్న పీట మీద కూర్చున్న పెద్దావిడ, "కరవదురా నాయనా, పై దవడన ముందుపళ్లు ఉండవు దానికి" అంది. వాడు నమ్మలేదు. దూడ పై పెదవి ఎత్తి చూశాడు, నిజంగానే లేవు. "మామ్మా, మరి గడ్డి ఎలా కొరుకుతుంది?" అని అడిగాడు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. నాలుకతో చుట్టి, కింది పళ్లకూ పై చిగురుకూ మధ్య పట్టి తెంపుకోవడం దగ్గర మొదలై, నెమరు దాకా, ఆపైన ఆవిడ చిన్నతనం దాకా వెళ్లింది. ఈలోగా దూడ బకెట్టును తలతో ఒక్క పోటు పొడిచింది, సగం పాలు వాడి చొక్కా మీద పడ్డాయి. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. వాళ్లిద్దరినీ పరిచయం చేసి "మాట్లాడుకోండి" అని ఉంటే పది మాటలు కూడా నడిచేవి కావని నా గట్టి నమ్మకం.

పశువు వైపు నుంచి కూడా చూడాలి. మనకు ఊరట దొరికితే చాలు, దానికి ఎలా ఉన్నా పర్వాలేదు అనుకోవడం అన్యాయం. ఆవులు ఒకదాన్నొకటి నాకి చూసుకునేటప్పుడు మెడ దగ్గర ఎక్కువగా నాకుతాయి. మనిషి కూడా అక్కడే, మెడ కింద, నిమిరితే ఆవు మెడ చాచి ఇస్తుంది, చెవులు వాలుస్తుంది. ఆస్ట్రియాలో చేసిన పరిశోధనల్లో ఆ సమయంలో ఆవుల గుండె వేగం తగ్గడం కూడా గమనించారు. వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయంవాళ్లు 2020లో ఇంకో ముచ్చటైన సంగతి ప్రచురించారు. పెయ్యలను నిమురుతూ ఒకసారి మనిషి స్వయంగా మెల్లగా మాట్లాడాడు, ఇంకోసారి రికార్డు చేసిన గొంతును స్పీకర్లో వినిపించారు. ఎదుట ఉన్న మనిషి మాట్లాడినప్పుడే అవి ఎక్కువ నెమ్మదించాయని గుండె లయను బట్టి తేలింది. ఆవుకు మన భాష రాకపోయినా, పక్కన ఉండి మాట్లాడే గొంతుకూ స్పీకర్లో వచ్చే గొంతుకూ తేడా తెలుస్తోందన్నమాట.

ఇక ఆట సంగతి. ఆట పిల్లలకే అనేది మన పెద్ద అపోహ. మనుషులకే అనేది అంతకంటే పెద్దది. 2022లో లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం పరిశోధకులు తుమ్మెదల ముందు చిన్న చిన్న చెక్క బంతులు పెట్టారు. తేనె ఆశ లేకపోయినా అవి పదేపదే వచ్చి బంతుల్ని దొర్లించాయి. ఎలుకలకు కితకితలు పెడితే మన చెవికి అందనంత హెచ్చు స్థాయిలో ఒక కూత పెడతాయని జాక్ పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త 1990ల చివర్లో చూపించాడు. అవి ఆడుకునేటప్పుడు చేసే కూత కూడా అదే.

దూడల విషయంలో ఒక గమనింపు నన్ను బాగా ఆలోచింపజేసింది. కడుపు నిండిన దూడ తోక ఎత్తి గంతులేస్తుంది. పాలు తగ్గించినా, కొమ్ములు పెరగకుండా వాటి మొటిమలు కాల్చిన నొప్పి ఉన్నా ఆ గంతులు తగ్గిపోతాయి. మేత మానకముందే, నీరసం కనబడకముందే ఆట తగ్గుతుంది. అందుకే పశువు సుఖంగా ఉందో లేదో తెలుసుకోవడానికి పరిశోధకులు దాని ఆటను గమనిస్తారు. మన ఇళ్లలోనూ ఇలాగే చూడాలని నా మనవి. రోజూ చదరంగం పలక ముందేసుకునే పెద్దాయన "ఈ రోజు వద్దులే" అని వరసగా అంటున్నాడంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. నొప్పి ఏదైనా దాస్తున్నాడేమో, దిగులు పట్టుకుందేమో కనుక్కోండి.

పొలానికీ ఆటకూ ఉన్న చుట్టరికం చాలా పాతది. పశువులు మేసేటప్పుడు కాపరికి చేతినిండా సమయం ఉంటుంది, కాళ్ల దగ్గర రాయీ రప్పా ఉంటాయి. ఆటలు పుట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? యూరప్‌లో ఒక నక్క మీదికి బాతుల గుంపును నడిపించే ఆట ఉంది. నేపాల్లో నాలుగు పులులూ ఇరవై మేకలూ. గుంటల్లో గింజలు పంచుకుంటూ పోయే ఆటలు ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ వందల రకాలు ఉన్నాయి. గింజలు అయిపోయేదాకా ఒక్కో గుంటలో ఒక్కోటి వేసుకుంటూ పోవడం అచ్చం విత్తనం నాటే చెయ్యి చేసే పనే.

పులి-మేక ఆడినవాళ్లకు తెలుసు, విడిగా దొరికిన మేకను పులి దూకి తినేస్తుంది. ఆ మేక వెనక గడిలో ఇంకో మేక ఉందా, పులికి దిగే చోటు ఉండదు, ఏమీ చెయ్యలేదు. మేకల పక్షం ఆడేవాళ్లకు బలం లేదు, వేగం లేదు, ఒకదాని వెనక ఒకటి నిలబెట్టడం ఒక్కటే ఉపాయం. ఈ ఆటను చిన్నపిల్లలకు మాటల్లో వివరించడం కష్టం. రెండు మేకలు పోగొట్టుకున్నాక వాళ్లకే అర్థమవుతుంది, మూడోదానికి తోడు తెచ్చి పెడతారు.

వీడియో గేముల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడున్న చిన్నవాళ్లలో సగంమంది పొలం తెర మీదే చేస్తుంటారు. 1996లో జపాన్‌లో వచ్చిన హార్వెస్ట్ మూన్‌ను తయారుచేసిన యసుహిరో వాడా పల్లెటూరి వాతావరణంలో పెరిగి టోక్యో చేరినవాడు. వదిలి వచ్చిన ఆ పల్లె బతుకు విలువ నగరంలో తెలిసివచ్చి ఆ ఆట చేశాడు. దాని స్ఫూర్తితో ఎరిక్ బరోన్ అనే అమెరికన్ నాలుగేళ్లకు పైగా ఒంటరిగా కూర్చుని చేసిన స్టార్‌డ్యూ వ్యాలీ 2016లో వచ్చి కోట్లమందిని కట్టిపడేసింది. వాటిని చులకన చేయడం నాకు ఇష్టం లేదు. యుద్ధాలూ తుపాకులూ లేకుండా విత్తడం, నీళ్లు పోయడం, ఊళ్లోవాళ్లకు ఏదో ఒకటి ఇచ్చిరావడం కోట్లమందికి హాయిగా తోచిందంటే మనిషికి దేని లోటు ఉందో తెలుస్తోంది. మంచం దిగలేనివాళ్లకు అది నిజమైన ఆసరా. దిగగలిగినవాళ్లు మాత్రం అక్కడితో ఆగిపోకూడదని నా కోరిక. తెర మీది ఆవుకు ఒంటి వేడి ఉండదు. నిజం ఆవుకు మనకంటే కాస్త ఎక్కువే, సుమారు 38.5 డిగ్రీల సెల్సియస్.

ఇంత చెప్పాక ఇంకొకటి చెప్పకపోతే తప్పవుతుంది. పొలం మీదే బతికే మనిషికి పొలం ఎప్పుడూ ఊరట కాదు. వాన రాకపోయినా టెన్షనే, ఎక్కువొచ్చినా టెన్షనే. అప్పు ఉన్న రైతు దగ్గరికి వెళ్లి "పచ్చని చేల మధ్య ఎంత ప్రశాంతంగా ఉంటారో" అనడం ఆయన్ని గాయపరచడమే. ఆట లౌకిక లాభంతో పనిలేనిదని డచ్ చరిత్రకారుడు యోహాన్ హౌజింగా 1938లోనే విడమరిచి చెప్పాడు. సెలవు రోజు సరదాగా కలుపు తీసేవాడికి ఆ పని ఆటలాంటిది. పంట పోతే సంవత్సరం పోయేవాడికి కాదు. అందుకే మీరు ఊరట కోసం ఒక పొలానికి వెళుతుంటే చూసి రావడానికి కాకుండా చెయ్యి వెయ్యడానికి వెళ్లండి, కోతల సమయంలో వెళ్లండి, ఆ రైతుతో కూడా ఒక ఆట ఆడి రండి. ఆయన కూడా రోజంతా ఒంటరిగా పని చేసే మనిషే.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు రెండు మూడు మాటలు. ఆవుకు దాదాపు చుట్టూ కనిపిస్తుంది గానీ సరిగ్గా వెనక ఏముందో కనబడదు. పక్క నుంచి, మాట్లాడుకుంటూ దగ్గరికి వెళ్లండి. పశువులను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, ముఖ్యంగా పసిపిల్లలూ గర్భిణులూ. జంతువులంటే భయం ఉన్నవాళ్లను బలవంతపెట్టకండి, వాళ్లకు నారుమడి చూపించండి. వంగలేనివాళ్ల కోసం మట్టిపెట్టెలను నడుము ఎత్తున బల్ల మీద పెట్టండి, కుర్చీలో కూర్చుని నాటవచ్చు. వేళ్లు వణికేవాళ్లకు పెద్ద గింజలు, పెద్ద పావులు ఇవ్వండి. ఆట సగంలో పొద్దుపోతే పలకను కదపకుండా అలాగే ఉంచి, ఎత్తు ఎవరిదో చీటీ రాసి పెట్టండి. రేపు మళ్లీ రావడానికి ఇద్దరికీ ఒక పని మిగులుతుంది.

ఇక మీరు అడగండి.