కణాలెన్ని అని ఒక్కటే అడక్కండి, పీసీవీ ఎంతో కూడా అడగండి

నమస్కారమండీ. గుంటూరు కొత్తపేటలో ఒక ల్యాబ్‌లో పని చేస్తాను. రక్తం తీస్తాను, పరీక్ష చేస్తాను, కాగితం చేతికిస్తాను. డాక్టర్ని కాదు, మందులు చెప్పను. కానీ వానలు పడి డెంగీ జ్వరాలు మొదలైన దగ్గర్నుంచి మా కిటికీ దగ్గర పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకటే ప్రశ్న: "కణాలెన్ని?" అంటే రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్లేట్‌లెట్లు ఎన్ని అని. ఆ ప్రశ్న వినీ వినీ ఈ వీడియో చేస్తున్నాను.

మొన్నటి సీజన్లో ఒకాయన వచ్చాడు. పదకొండేళ్ల కొడుకు, డెంగీని పట్టే ఎన్ఎస్1 పరీక్ష పాజిటివ్, జ్వరం వచ్చి అయిదో రోజు. సీబీపీ, అంటే రక్తకణాలన్నీ లెక్కపెట్టే పరీక్ష, ఆ రిపోర్టులో ప్లేట్‌లెట్లు 92 వేలు. ఆయన మొహం వెలిగిపోయింది. "హమ్మయ్య, లక్షకి దగ్గర్లోనే ఉన్నాయన్నా! జ్వరం కూడా పొద్దున్నే దిగిపోయింది, వాడు హాయిగా పడుకున్నాడు" అని ఇంటికి ఫోన్ చేయబోతున్నాడు. నేను అదే కాగితంలో ఇంకో గీత చూశాను. పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా ఎంత శాతమో చెప్పే అంకె. కొన్ని రిపోర్టుల్లో హెమటోక్రిట్ అనో హెచ్‌సీటీ అనో ఉంటుంది. పిల్లాడికి రెండు రోజుల కింద 38, ఇవాళ 46. "అన్నయ్యా, ఫోన్ తర్వాత, పిల్లాణ్ణి తీసుకుని ఇప్పుడే డాక్టరుగారి దగ్గరికి వెళ్లు" అన్నాను. జ్వరం తగ్గినవాణ్ణి ఎందుకు లేపాలని ఆయన కొంచెం విసుక్కున్నాడు. అయినా వెళ్లాడు. వెళ్లేసరికి పిల్లాడి చేతులు చల్లగా ఉన్నాయి, బీపీ 100/80. రెండు రాత్రులు ఐసీయూలో ఉంచారు. బతికి బయటపడ్డాడు.

100/80 అంటే చాలామందికి మంచి బీపీలాగే అనిపిస్తుంది. పై అంకె, కింది అంకె మధ్య తేడా చూడండి. ఇరవయ్యే. డెంగీలో ఆ తేడా 20కి గానీ అంతకంటే తక్కువకి గానీ పడిందంటే షాక్ మొదలైనట్టే. ముఖ్యంగా పిల్లల్లో పై అంకె చాలాసేపు నిలబడే ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా కూలిపోతుంది.

ఇదంతా ఎందుకు జరుగుతుందో చెప్తాను. డెంగీ ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు రక్తం కారడం వల్ల కాదు, నీరు కారడం వల్ల. సన్నటి రక్తనాళాల గోడలు వదులై, రక్తంలోని నీటిభాగం, అంటే ప్లాస్మా, బయటికి ఊరిపోతుంది. పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. ఎర్రకణాలు మాత్రం నాళాల్లోనే ఉండిపోతాయి. పులుసు పొయ్యి మీద ఇగిరితే ముక్కలు అన్నే ఉంటాయి, పులుసు చిక్కబడుతుంది కదా, అలాగ. ఆ చిక్కదనాన్ని కొలిచే అంకే పీసీవీ. మొదటి అంకె మీద 20 శాతం పెరిగిందంటే నీరు బాగా కారుతున్నట్టు. 38 మీద 20 శాతం అంటే 45.6. ఆ పిల్లాడు అప్పటికే దాటేశాడు.

అది జరిగే వేళ కూడా మనల్ని మోసం చేస్తుంది. జ్వరం మొదలైన 3వ రోజు నుంచి 7వ రోజు మధ్యలో, సరిగ్గా జ్వరం దిగేటప్పుడు, 24 నుంచి 48 గంటల పాటు ఈ గండం. మనం ఊపిరి పీల్చుకునే పూటే అది. అందుకే జ్వరం ఏ తారీఖున, ఏ పూట మొదలైందో రాసి పెట్టుకోండి. డాక్టర్లు మొట్టమొదట అడిగేది అదే, ఇంట్లో ఎవరికీ గుర్తుండనిదీ అదే.

మరి ప్లేట్‌లెట్ల సంగతి? మా మేనమామకి 18 వేలకి పడిపోయాయి. ఇంట్లో ఏడుపులు. దాతల కోసం బ్రాడీపేట నుంచి అరండల్‌పేట దాకా బళ్లమీద తిరిగాం. డాక్టరుగారు మాత్రం ఎక్కించనన్నారు. రక్తస్రావం లేదు, పీసీవీ కదల్లేదు, మనిషి మజ్జిగన్నం తింటున్నాడు. మూడో రోజుకి కణాలు వాటంతటవే పెరిగాయి. సింగపూర్, మలేషియాల్లో ఇలాంటి పెద్దవాళ్లనే, 20 వేలు అంతకంటే తక్కువ ఉండి రక్తస్రావం లేనివాళ్లని 372 మందిని తీసుకుని, సగంమందికి ప్లేట్‌లెట్లు ఎక్కించి, సగంమందికి ఎక్కించకుండా చూశారు. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎక్కించినందువల్ల రక్తస్రావం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, రియాక్షన్లు మాత్రం వాళ్లకే ఎక్కువ వచ్చాయి. రక్తం కారుతుంటే సంగతి వేరు, అప్పుడు డాక్టరు చెప్పినట్టే చేయాలి.

ఎవరికి ముదురుతుందో ముందే చెప్పగలరా అని చాలామంది అడుగుతారు. కొంతవరకు చెప్పొచ్చు. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకసారి ఒక రకం వచ్చి, కొన్నాళ్లకి వేరే రకం సోకితే ప్రమాదం ఎక్కువ. పాత యాంటీబాడీలు కొత్త వైరస్‌ని పట్టుకుంటాయి గానీ చంపలేవు, పైగా దాన్ని మన ఒంటి కణాల్లోకి చేరవేస్తాయి. అందుకే "మునుపు ఎప్పుడైనా డెంగీ వచ్చిందా" అన్న ప్రశ్నకి జాగ్రత్తగా ఆలోచించి జవాబు చెప్పండి. చంటిపిల్లలు, గర్భిణులు, పెద్దవయసువాళ్లు, షుగరు ఉన్నవాళ్లు, ఒళ్లు ఎక్కువగా ఉన్నవాళ్లు, వీళ్ల మీద ఒక కన్నేసి ఉంచాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో కొన్ని హెచ్చరిక గుర్తులు పెట్టింది. అవి ల్యాబ్ కంటే ముందు తల్లికే కనబడతాయి. కడుపునొప్పి తగ్గదు, వాంతులు ఆగవు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, పిల్లాడు మత్తుగా పడుకునో, ఊరికే చిరాకు పడుతూనో ఉంటాడు. ఇంకోటి నేను కలుపుతాను: నాలుగైదు గంటలుగా ఒంటికి పోయలేదంటే ఆగొద్దు, బయల్దేరండి.

ఈ గుర్తులకీ ఒక లోపం ఉంది. అవి కనిపించినా ముదరనివాళ్లే ఎక్కువమంది. అందరినీ చేర్చుకుంటే మంచాలు చాలవు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు రక్తంలో 8 జన్యువులు ఎంత చురుగ్గా పనిచేస్తున్నాయో కొలిచి, కంప్యూటర్‌తో లెక్కగట్టి, కొలంబియాలో 377 మంది రోగుల మీద చూశారు. 2022లో ప్రకటించారు. ముదరనివాళ్లని ముదరరని సరిగ్గా చెప్పడంలో హెచ్చరిక గుర్తులు 100కి 40 మంది దగ్గర ఆగిపోతే, ఈ 8 జన్యువులు 80 దాకా వెళ్లాయి. చదివినప్పుడు నాకు ఎంత ఆశ కలిగిందో చెప్పలేను. మా కిటికీ దాకా ఆ పరీక్ష ఇంకా రాలేదు. ప్రస్తుతం మన చేతిలో ఉన్నది రోజూ చేయించే సీబీపీ, ఇంట్లోవాళ్ల కళ్లు.

బొప్పాయి ఆకు రసం గురించి ఒక్క మాట. ఆ చేదుకి పిల్లలు కక్కుతారు. అప్పుడు అది జబ్బు వల్ల వచ్చిన వాంతా, రసం వల్ల వచ్చిందా అని డాక్టరుకి తేల్చడం కష్టం. ఓఆర్ఎస్, కొబ్బరినీళ్లు, గంజి ఇవ్వండి. జ్వరానికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ తప్ప వేరే నొప్పుల బిళ్ల వేసుకోవద్దు, నొప్పుల ఇంజెక్షన్ చేయించుకోవద్దు. గ్లూకోజు ఎక్కించమని పట్టుబట్టొద్దు కూడా. గండం దాటాక కారిన నీరంతా తిరిగి రక్తంలోకి వస్తుంది. పైనుంచి మనం ఎక్కించింది కూడా తోడైతే ఊపిరి ఆడదు.

ఆ పిల్లాడి నాన్న నెల తర్వాత మళ్లీ వచ్చాడు. ఈసారి చిన్నమ్మాయికి జ్వరం. జేబులోంచి నోటుబుక్కు కాగితం తీశాడు. జ్వరం మొదలైన పూట, తాగిన గ్లాసులు, ఒంటికి వెళ్లిన వేళలు, మొదటి రోజు పీసీవీ 36. తర్వాత 37. ఆ తర్వాత 36. అయిదో రోజు జ్వరం దిగింది, ఆ రాత్రి ఇంట్లో ఎవరూ పడుకోలేదట. తెల్లారి ఆ పిల్ల లేచి ఇడ్లీ కావాలని గొడవ చేసిందట.