చున్నీ ముడేసి ఎక్కండి: ఆడవాళ్ళు, సైకిలు – విశాఖ ఫోన్-ఇన్

యాంకర్: శ్రోతలందరికీ నమస్కారం. ఈ ఆదివారం ఫోన్-ఇన్‌లో ఆడవాళ్ళు, సైకిలు. మన ఊళ్ళో ఆడవాళ్ళకి సైకిలు నేర్పుతూ, రైడ్లు నడిపిస్తున్న కోచ్ గారు స్టూడియోలో ఉన్నారు. నమస్తే మేడమ్.

కోచ్: నమస్తే అండి. ఫోన్లు మొదలెట్టకముందే ఒక మాట చెప్పేస్తాను, లేకపోతే మర్చిపోతాను. చున్నీ వేసుకునేవాళ్ళు దాన్ని ఒంటికి అడ్డంగా తిప్పి నడుము దగ్గర ముడేసుకోండి. చీరైతే కొంగు దోపుకోండి. అది వెనక చక్రంలో చుట్టుకుందంటే చక్రం బిగుసుకుపోతుంది, మనం రోడ్డు మీదుంటాం. ఇక చెప్పండి.

యాంకర్: మొదటి కాలర్ గాజువాక నుంచి. చెప్పండి సార్.

కాలర్ (గాజువాక): మేడమ్, మా ఆవిడ పుట్టినరోజుకి సైకిలు కొన్నాను. సర్‌ప్రైజ్. గులాబీ రంగు, ముందు బుట్ట కూడా ఉంది. రెండు నెలలైంది, దాని మొహం కూడా చూడట్లేదు. ఎలా ప్రోత్సహించాలండి?

కోచ్: ఆవిడ ఎత్తెంత?

కాలర్: ఎత్తా... ఐదడుగుల పైనే ఉంటుందండి.

కోచ్: ఎక్కించి చూసి కొన్నారా?

కాలర్: సర్‌ప్రైజ్ కదండీ.

కోచ్: చెప్పులు కొన్నా కాలికి తొడిగి చూస్తాం కదా! ఆవిణ్ణి షాపుకి తీసుకెళ్ళి సీటు సరిచేయించండి. సీటు మీద కూర్చుని, పెడల్ బాగా కిందకి ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు తిన్నగా రావాలి. అదీ కొలత. వేళ్ళ దగ్గరి భాగంతో తొక్కేసరికి మోకాలు కొంచెం వంగుతుంది, అంతే వంగాలి. సరే, మీ ఇంట్లో పొద్దున్న టిఫిన్ ఎవరు చేస్తారు?

కాలర్: (నవ్వు) ఆవిడేనండి.

కోచ్: పిల్లల బాక్సులు?

కాలర్: అవీ ఆవిడే.

కోచ్: మరి సైకిలు ఎప్పుడు తొక్కుతుందండీ, అర్ధరాత్రా? వారానికి రెండు రోజులు దోసెలు మీరు పోయండి. నెల తర్వాత ఫోన్ చేయండి. ఈసారి ఆవిడతో చేయించండి.

యాంకర్: థాంక్యూ సార్. తర్వాత మర్రిపాలెం నుంచి.

కాలర్ (మర్రిపాలెం): హలో... హలో... వినిపిస్తోందాండి?

యాంకర్: వినిపిస్తోందమ్మా. మీ రేడియో సౌండ్ కొంచెం తగ్గించండి.

కాలర్: ఒక్క నిమిషం... ఆఁ, తగ్గించాను. నాకు యాభై మూడేళ్ళండి. మాది టెక్కలి వైపు, పెళ్ళయి ఇటొచ్చేశాను. మా నాన్నగారికి పెద్ద సైకిలుండేది, మధ్యలో రాడ్డు ఉంటుంది చూడండి, అది. మా తమ్ముడు ఆ రాడ్డు కిందనుంచి కాలు దూర్చి తొక్కేవాడు. వెనక క్యారియర్ పట్టుకుని పరిగెట్టడం నా పని. నన్ను ఎక్కనిచ్చేవారు కాదు. ఎక్కితే ఏటవుతుందని అడిగితే మా అమ్మ ఒకటేసేది. ఇప్పుడు మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. వాడి గేర్ల సైకిలు బాల్కనీలో అలాగే ఉండిపోయింది, తుప్పు పట్టేసింది. దానిమీద గుడ్డలు ఆరేస్తున్నాను. మొన్న గుడ్డలు తీస్తుంటే అనిపించింది... అడిగేదేటంటే, ఈ వయసులో నాకు సైకిలు వస్తుందాండి?

కోచ్: వస్తుందమ్మా. పెద్దవాళ్ళకి నేర్పే పద్ధతి వేరు. వెనక ఒకరు పట్టుకుని పరిగెట్టడం, మనం కేకలు పెట్టడం, అదంతా వద్దు. ముందు రెండు పెడళ్ళూ ఊడదీయండి. రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనేదాకా సీటు దించండి. నేర్చుకునేటప్పుడు మాత్రమే అలా, తర్వాత పైకి లేపాలి. దాని మీద కూర్చుని కాళ్ళతో నేలని తోసుకుంటూ నడవండి. రెండు మూడు రోజులకి అంగలు పెద్దవవుతాయి. ఒక రోజు చూసుకునేసరికి రెండు కాళ్ళూ గాల్లోనే ఉంటాయి, సైకిలు పోతూ ఉంటుంది. అప్పుడు పెడళ్ళు పెట్టుకోండి. పక్కవాళ్ళు చేయి పట్టుకుంటే బ్యాలెన్స్ వాళ్ళది అవుతుంది గానీ మీది కాదు.

కాలర్: పెడళ్ళు ఊడదీసి... అలాగాండి. నాకు మోకాళ్ళు కొంచెం పట్టేస్తాయి. మా ఆయనైతే, పడితే నీకు ఎవరు చేస్తారే అంటారు. పిన్నిగారు, అదే మా ఎదురింటావిడ, ఆవిడకి చిన్నప్పుడు వచ్చట, ఇప్పుడు భయమంటుంది. మేము ఐదుగురం రోజూ నడకకి వెళ్తాం. నేను ఐదింటికి అందరికీ మిస్డ్ కాల్ ఇస్తే కిందకి దిగుతారు. ఒకావిడ మరీ నెమ్మది, ఆవిడ కోసం గుడి దగ్గర ఆగుతాం. వాళ్ళు కూడా నేర్చుకుంటామంటున్నారు. అయితే నాకొస్తుందంటారా?

కోచ్: వస్తుందని చెప్పానుగా తల్లీ. మోకాళ్ళ సంగతి ఒకసారి డాక్టరు గారికి చూపించుకోండి. సైకిలు మీద ఒంటి బరువంతా మోకాళ్ళ మీద పడదు, చాలామందికి నడక కంటే ఇదే సుఖంగా ఉంటుంది. కాకపోతే సీటు కిందకుంటే, గట్టి గేరులో తొక్కితే మోకాళ్ళు లాగేస్తాయి. గేరు తేలిగ్గా పెట్టుకోండి. పడతామని భయం ఉంటే చేతులకి గ్లోవ్స్, తలకి హెల్మెట్. చున్నీయో కొంగో...

కాలర్: ముడేసుకోవాలి.

కోచ్: (నవ్వు) ఆఁ. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. పొద్దున్న ఐదింటికి మిస్డ్ కాల్ ఇచ్చేది మీరు. నెమ్మదిగా నడిచే ఆవిడ కోసం గుడి దగ్గర ఆపేది?

కాలర్: నేనేనండి. పాపం ఒక్కర్తినీ వదిలేస్తే ఎలా?

కోచ్: సైకిలు రైడ్లో లీడర్ చేసే పని సగం అదేనమ్మా. ఇంకో సగం దారి చూసుకోవడం.

కాలర్: అయ్యో, నాకే రాదు కదండీ, నేనేటి లీడరు?

యాంకర్: అమ్మా, లైన్లో ఇంకా కాలర్లు...

కోచ్: ఒక్క నిమిషం ఆగండి, ఇది చెప్పాలి. తమిళనాడులో పుదుక్కోట్టై అని ఒక జిల్లా ఉంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమంతో పాటు పల్లెటూరి ఆడవాళ్ళు వేలకి వేలమంది సైకిలు నేర్చుకున్నారు. పొలం పనులవాళ్ళు, క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు. కొత్తగా నేర్చుకున్న ఆవిడే పక్కావిడకి నేర్పింది, అలా పాకింది. ఎక్కణ్ణించో కోచ్ దిగి రాలేదు. వెనక క్యారియర్ మీద నీళ్ళ బిందె, ముందు పిల్ల, అలా వెళ్ళేవాళ్ళు. ముందు పది రోజులు మీరు నేర్చుకోండి. పదకొండో రోజు పిన్నిగారిది మీ బాధ్యత.

కాలర్: పిన్నిగారిదా! ఆవిడ నా మాట వింటుందంటారా?

కోచ్: ఐదింటికి మిస్డ్ కాల్‌కి దిగుతోంది కదమ్మా.

కాలర్: (నవ్వు) సరేనండి. మరి ఆ తుప్పు?

కోచ్: పైపైన ఉంటే పాత బట్ట, నూనె చాలు. చైన్ బిగుసుకుపోతే కొత్తది వేయించండి. బ్రేకు వైర్లు మాత్రం తప్పకుండా మార్పించండి. ఉప్పుగాలి ఊరు మనది, బ్రేకు వైరు లోపల తుప్పు కంటికి కనిపించదు.

యాంకర్: థాంక్యూ అమ్మా. రుషికొండ వైపు నుంచి ఒక స్టూడెంట్.

కాలర్ (రుషికొండ): అక్కా, నేను సాయంత్రం బీచ్ రోడ్డులో తొక్కుతాను. బైకుల మీద ఇద్దరు ముగ్గురు పక్కకొచ్చి కామెంట్లు చేస్తారు. భయమేసి ఇంకా ఎడంపక్కకి, అంచుకి పోతున్నాను.

కోచ్: అంచుకి పోకు తల్లీ. అక్కడ ఇసుక ఉంటుంది, చక్రం జారుతుంది. అంచుకి ఒక మీటరు ఇవతలే ఉండు. వాళ్ళని మించిపోదామని స్పీడు పెంచకు. జనం ఉన్న టీ బడ్డీ దగ్గర ఆగిపో, బండి నంబరు గట్టిగా పైకి చదువు. ఆగకపోతే 112 కొట్టు. 181 కూడా ఉంది. దీనికి సిగ్గుపడాల్సింది నువ్వు కాదు. చీకటి పడితే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు ఉండాలి. ఇంకో అమ్మాయిని జత చేసుకో.

కాలర్: నా ఫ్రెండ్‌కి సైకిలు లేదక్కా...

యాంకర్: సారీ అమ్మా, తర్వాతి కాల్ తీసుకుందాం. సీతమ్మధార.

కాలర్ (సీతమ్మధార): మా పాపకి పదకొండేళ్ళు. మా అత్తగారు ఇక సైకిలు మాన్పించమంటున్నారు. పెద్దమనిషయ్యాక తొక్కితే పిల్లలు పుట్టరనీ, ఇంకేదో అనీ...

కోచ్: అబద్ధమండి. ఆ ఇంకేదో కూడా అబద్ధమే. పాప ఎత్తు పెరుగుతూ ఉంటుంది, మూడు నెలలకోసారి సీటు పెంచండి. అంతే.

యాంకర్: అనకాపల్లి కాలర్, హలో? ...హలో? లైన్ కట్ అయింది. మధురవాడ.

కాలర్ (మధురవాడ): హాయ్ మేడమ్. నేను సాఫ్ట్‌వేర్. రెండేళ్ళుగా ఒక గ్రూపుతో తొక్కుతున్నాను. అందులో ఆడవాళ్ళం నలుగురం. ప్రతి ఆదివారం భీమిలి. ముందు వెళ్ళేది ఎప్పుడూ మగవాళ్ళే. మహిళా దినోత్సవం రోజు మాత్రం మమ్మల్ని ముందు నిలబెట్టి ఫొటో తీస్తారు.

కోచ్: ఫొటో అయ్యాక?

కాలర్: మళ్ళీ వెనక్కే. టెన్నేటి పార్కు దాటేసరికి కనిపించరు. నేను లీడ్ చేస్తానంటే, నీ స్పీడు సరిపోదు అంటున్నారు.

కోచ్: లీడ్ చేయడానికి స్పీడెందుకండీ? అది రేసుకి. మీరు అడగడం మానేయండి. నెలకి ఒక ఆదివారం, ఈ రైడ్ నాది అని గ్రూపులో పెట్టేయండి. దారి, బయల్దేరే టైము, గంటకి పదిహేను కిలోమీటర్లకి మించం అని ముందే రాసేయండి. ఇష్టమైనవాళ్ళు వస్తారు.

కాలర్: వస్తారంటారా?

కోచ్: మొదటిసారి ముగ్గురే రావచ్చు. ముగ్గురితోనే వెళ్ళండి. ముందురోజు మీరొకసారి దారి చూసి రండి. ముఖ్యంగా ఆడవాళ్ళకి బాత్రూమ్ ఎక్కడుంది, పొద్దున్న ఆరింటికి దానికి తాళం తీసి ఉంటుందా అని. మగవాళ్ళు గీసిన రూట్లలో ఇది ఉండదు. వాళ్ళకి ఆ అవసరం తట్టదు. ఎంతమంది ఆడవాళ్ళు దీనికోసమే పొద్దున్న నీళ్ళు తాగకుండా వస్తారో మీకు తెలుసు. మన ఊరి ఉక్కపోతలో నీళ్ళు తాగకుండా తొక్కితే కళ్ళు తిరుగుతాయి.

కాలర్: నిజం మేడమ్. నేనూ అదే చేస్తాను.

కోచ్: మానేయండి. ఇంకోటి, గాలి. వేసవిలో భీమిలి వెళ్ళేటప్పుడు గాలి వీపు మీద తోస్తుంది. అబ్బో, ఎంత బాగా తొక్కేస్తున్నానో అనుకుంటాం. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి మొహానికి కొడుతుంది. కొత్తవాళ్ళు అక్కడే ఏడుస్తారు. కాబట్టి కొత్తవాళ్ళని భీమిలి దాకా లాక్కెళ్ళకండి, దారి మధ్యలో సాగర్‌నగర్ దగ్గరే వెనక్కి తిప్పేయండి. అందరికంటే వెనక గట్టిగా తొక్కే మనిషి ఒకరుండాలి, పంక్చర్ సామాను వాళ్ళ దగ్గరే. ఆ పని మీ స్పీడు మగాళ్ళకి అప్పజెప్పండి.

కాలర్: (నవ్వు) బాగుంది. మేడమ్, నాకు 200 కిలోమీటర్ల బీఆర్‌ఎమ్, అదే గడువులోపల పూర్తిచేయాల్సిన లాంగ్ రైడ్, చేయాలనుంది.

కోచ్: చేయండి. పదమూడున్నర గంటల గడువు, ఆగడాలు, తినడాలు అన్నీ కలిపి. లెక్కేస్తే గంటకి పదిహేను కూడా పడదు. ఆడవాళ్ళకో గడువు, మగవాళ్ళకో గడువు అని లేదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి సైకిల్ పోటీ పెట్టిందే 1984లో, అంతదాకా పెట్టలేదు. 2018లో మన పుణె అమ్మాయి వేదాంగి కులకర్ణి ఇరవై ఏళ్ళ వయసులో సైకిలు మీద ప్రపంచం చుట్టొచ్చింది. మీకు 200 ఎంత? సీటు ఎత్తు మాత్రం చూపించుకోండి. బ్రేకు లీవరు వేళ్ళకి దూరంగా ఉంటే, చాలా బ్రేకులకి ఒక చిన్న స్క్రూ ఉంటుంది, తిప్పితే దగ్గరికొస్తుంది. మన చేతులు చిన్నవి, షాపువాళ్ళు చెప్పరు.

యాంకర్: థాంక్యూ. సమయం దగ్గరపడింది. చివరి కాల్... మర్రిపాలెం. అమ్మా, మీరేనా?

కాలర్ (మర్రిపాలెం): నేనేనండి. ఒక్కటే. బాల్కనీలో ఉన్నాను, స్పానర్ పట్టుకున్నాను. కుడిది ఊడింది. ఎడంది ఎంత తిప్పినా ఇంకా బిగుస్తోందండి!

కోచ్: అయ్యో, ఆపండి, ఆపండి! ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది. స్పానర్ పైకి నిలబెట్టి, వెనక చక్రం వైపుకి లాగండి. రెండిటికీ అదే లెక్క.

కాలర్: వెనక్కి... ఆఁ... కదిలిందండి! పిన్నిగారూ, కదిలింది!

కోచ్: పిన్నిగారు అక్కడే ఉన్నారా?

కాలర్: సైకిలు పట్టుకుని నిలబడిందండి.

యాంకర్: మేడమ్, ఇంక అర నిమిషమే...

కోచ్: అమ్మా, చున్నీ...

కాలర్: చీరండి.

కోచ్: అయితే కొంగు.

యాంకర్: మేడమ్ గారికి, ఫోన్ చేసిన అందరికీ ధన్యవాదాలు. తర్వాత వార్తలు.