ఎంజైమ్ ఆగింది, జబ్బు ఆగలేదు

అందరికీ నమస్కారం.

ఆల్జీమర్స్ అనగానే మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్ ముక్కల మచ్చలే గుర్తొస్తాయి. ఆ మచ్చలకు ముందు జరిగే కథ ఈ రోజు చెప్తాను.

మన నాడీకణాల పైపొరలో ఏపీపీ అనే ప్రోటీన్ ఉంటుంది. ఎంజైమ్‌లు దాన్ని కోయడం జబ్బేమీ కాదు, అందరి మెదడులోనూ రోజూ జరిగే పనే. చాలాసార్లు ఆల్ఫా సెక్రటేజ్ అనే ఎంజైమ్ సరిగ్గా ఏపీపీలోని అమిలాయిడ్ భాగం మధ్యలోనే కోస్తుంది. ఇక అమిలాయిడ్ పుట్టే ప్రసక్తే లేదు. బీటా సెక్రటేజ్ ముందు కోస్తే దారి మారుతుంది. మిగిలిన భాగాన్ని గామా సెక్రటేజ్ పొర లోపలే కోస్తుంది. అలా విడిపడే అమిలాయిడ్ ముక్కలో సాధారణంగా 40 అమైనో ఆమ్లాలు, కొన్నిసార్లు 42 ఉంటాయి. రెండు ఎక్కువున్న ఆ 42 ముక్కే తేలిగ్గా ఒకదానికొకటి అతుక్కుని పేరుకుంటుంది.

ఇది ఊహ కాదనడానికి మనుషులే సాక్ష్యం. కొలంబియాలోని ఆంటియోకియా ప్రాంతంలో కొన్ని కుటుంబాలున్నాయి. గామా సెక్రటేజ్‌లో అసలు కోసే భాగమైన ప్రెసెనిలిన్‌లో ఒక్క జన్యు మార్పు వల్ల వాళ్లకు నలభైల్లోనే మతిమరుపు మొదలవుతుంది. పిల్లలు ఇంకా చదువుకుంటున్న వయసది! ఐస్‌లాండ్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. బీటా సెక్రటేజ్ కోసే చోటికి పక్కనే ఉన్న ఒక అరుదైన మార్పు ఆల్జీమర్స్ నుంచి కాపాడుతోందని 2012లో తేలింది.

మరి ఆ ఎంజైమ్‌లను ఆపేస్తే సరిపోతుంది కదా? కంపెనీలూ అలాగే అనుకున్నాయి. గామాను ఆపే సెమగాసెస్టాట్ పరీక్షలు 2010లో ఆగిపోయాయి. ఆ మందు వేసుకున్నవాళ్ల పరిస్థితి వేసుకోనివాళ్లకన్నా దిగజారింది, చర్మ క్యాన్సర్లు పెరిగాయి. గామా కోసేది ఏపీపీ ఒక్కదాన్నే కాదు. కణాల ఎదుగుదలకు కావలసిన నాచ్ లాంటి ఎన్నో ప్రోటీన్లనూ అదే కోస్తుంది. బీటాను ఆపే వెరుబెసెస్టాట్ మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో అమిలాయిడ్‌ను సగానికి పైగా తగ్గించింది. అయినా జ్ఞాపకశక్తికి మేలు జరగలేదు. ఎంతో ఆశతో ఆ పరీక్షల్లో చేరిన కుటుంబాలను తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

లెకనెమాబ్ లాంటి యాంటీబాడీలు ఎంజైమ్‌ల జోలికి పోవు, పేరుకున్నదాన్ని తొలగిస్తాయి. 2023లో అమెరికాలో పూర్తి ఆమోదం పొందిన ఆ మందు, తొలి దశలో ఉన్నవాళ్లకు జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తుంది, అంతే. నా ఆశ మాత్రం గామా మాడ్యులేటర్ల మీద ఉంది. ఇవి ఎంజైమ్‌ను ఆపవు. అది కోసే చోటును కాస్త జరుపుతాయి. అప్పుడు 42 అమైనో ఆమ్లాల ముక్క తగ్గి, అతుక్కోని పొట్టి ముక్కలు పెరుగుతాయి, నాచ్ పని నాచ్‌ది సాగుతుంది.