మాల వెయ్యకపోతే ఫీజు కట్టనన్నారు

హోస్ట్: మేడం, ఒక కుర్రాడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. విజయవాడే, ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఇంట్లో ఏటా భవానీ మాల వేస్తారు. ఈసారి తను వేసుకోనన్నాడు. "అయితే ఫీజు నువ్వే కట్టుకో" అన్నారట వాళ్ల నాన్న.

న్యాయవాది: చూశారా, "అమ్మవారిని నమ్ము" అని ఎవరూ అనలేదు. బాబాయిలు, మేనమామలు అంతా ఎర్రబట్టల్లో ఇంద్రకీలాద్రి ఎక్కుతుంటే "మీవాడేడీ?" అంటారని ఆయన భయం.

హోస్ట్: మీ గుంటూరులో చర్చి ఇళ్లల్లో?

న్యాయవాది: చర్చికి రానన్న పిల్లాడి కోసం ప్రత్యేకంగా ప్రార్థన పెట్టిస్తారు! పదిమంది చుట్టూ కూర్చుని "ప్రభువా, ఈ బిడ్డ మనసు మార్చు" అంటుంటే, మధ్యలో ఉన్న పిల్లాడు తలెక్కడ పెట్టుకోవాలి? తిట్టినా నయమే. అమ్మ ఏడుస్తుంటే ఎదురు చెప్పలేడు.

హోస్ట్: చట్టం ఏమంటుంది?

న్యాయవాది: రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛ ఇచ్చింది. 28(3) ప్రకారం, ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న కాలేజీలో మతబోధకి, ప్రార్థనకి ఇష్టం లేకుండా కూర్చోబెట్టకూడదు. కానీ మైనరైతే ఆ సమ్మతి ఇచ్చేది సంరక్షకులే! ఇక మేజరైనా, అన్నం పెట్టే చేతిమీద కేసెవరు వేస్తారండీ?

హోస్ట్: మరి పెళ్లిళ్ల దగ్గర?

న్యాయవాది: నా దగ్గరికి ఎక్కువ వచ్చేవి అవే. "పిల్ల బాప్తిస్మం తీసుకుంటేనే పెళ్లి" అంటారు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టానికి ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలు. ఆ షరతు చర్చి సంఘానిది, చట్టానిది కాదు. హిందూ వివాహ చట్టం కింద మాత్రం ఇద్దరూ హిందువులై ఉండాలి. ఎవరూ మారకుండా చేసుకోవాలంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. నోటీసిచ్చి 30 రోజులు ఆగాలి. ఆ నోటీసు ఆఫీసులో అంటించాక ఊరంతా తెలుస్తుంది, అదో టెన్షన్.

హోస్ట్: మన నాస్తిక కేంద్రం పెట్టిన గోరా గారు తెగించారు కదా.

న్యాయవాది: తెగించారు. జంధ్యం తీసేశారని కన్నతండ్రే ఇంట్లోంచి పొమ్మన్నారు. ఆయన వృక్షశాస్త్రం లెక్చరరు. నాస్తికత్వం వల్ల కాలేజీ ఉద్యోగమూ పోయింది. 1940లో ముదునూరులో కేంద్రం పెట్టి, 1947లో బెజవాడ తెచ్చారు. పక్కన భార్య సరస్వతి గారు గట్టిగా నిలబడ్డారు. ఈ కుర్రాడి పక్కన ఎవరున్నారు? చేతిలో జీతం లేనివాణ్ణి గోరా అయిపోమనడం నాకు నచ్చదు.

హోస్ట్: అంటే మాల వేసుకోమంటారా?

న్యాయవాది: అది నేను చెప్పేది కాదు. మండల దీక్షంటే 41 రోజులు చన్నీళ్ల స్నానం, నేలపడక. నమ్మకం లేకుండా అదంతా చేస్తే ఆ తండ్రి భక్తికే మర్యాద కాదు. ఈ మాటే నాన్నకి చెప్పమనండి, బంధువుల ముందు కాదు, ఇద్దరే ఉన్నప్పుడు. ముందైతే ఫీజు వాయిదాల్లో తీసుకుంటారేమో కాలేజీలో కనుక్కోమనండి. బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ సంగతి కూడా.